ఉబ్బిన బ్యాటరీ తీసేశాక కూడా ట్రాక్‌ప్యాడ్ కుడి క్లిక్ పడటం లేదు

2019లో కొన్న విండోస్ ల్యాప్‌టాప్. మూడు వారాల క్రితం ట్రాక్‌ప్యాడ్ క్లిక్ పడటం మానేసింది. వేలు కదిపితే పాయింటర్ కదులుతుంది, నొక్కితే మాత్రం రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, సెట్టింగ్స్ అన్నీ మార్చి చూశాను. ఫలితం లేదు.

మొన్న ఆదివారం బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ అటూ ఇటూ ఊగింది. చూస్తే ట్రాక్‌ప్యాడ్ ముందు అంచు దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, కింది మూత విప్పాను. ట్రాక్‌ప్యాడ్ కింద ఉన్న బ్యాటరీలోని మూడు సెల్స్‌లో మధ్యది పూరీలా పొంగింది! ఇన్నాళ్లూ దీన్ని ఒళ్లో పెట్టుకుని పని చేశానని తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది. అదృష్టం కొద్దీ జిగురు లేదు, స్క్రూలే. కనెక్టర్ ఊడదీసి, ఎక్కడా గుచ్చకుండా, వంచకుండా బయటికి తీశాను. ప్రస్తుతం బాల్కనీలో, ఎండ తగలని చోట, పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంచాను. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేస్తాను.

బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీద ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది. ట్రాక్‌ప్యాడ్ కిందికి దిగింది, ఎడమ క్లిక్ పడుతోంది. కుడి మూల మాత్రం ఇంకా కదలదు. ట్రాక్‌ప్యాడ్ మీద స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో తగులుతూ, చివర్లలో వెంట్రుకంత సందు కనిపిస్తోంది. అడుగున ఉన్న చిన్న అడ్జస్ట్‌మెంట్ స్క్రూ పావు చుట్టు వదులు చేశాను, బిగించాను. తేడా లేదు.

ఇలా వంగిన ట్రాక్‌ప్యాడ్‌ని ఎవరైనా సరిచేయగలిగారా, లేక కొత్త బ్యాటరీతో పాటు అదీ మార్చాల్సిందేనా?