‘శభాష్’ ఎక్కడి మాట?

‘శభాష్’ అనే మాట ఎక్కడిదో ఎవరైనా చెప్తారా? మా ఇంట్లో పెద్దవాళ్లు ‘సెబాసు’ అనేవాళ్లు. ‘శుభాశీస్సు’ అరిగిపోయి ఇలా అయిందని చిన్నప్పుడు ఎవరో చెప్తే నమ్మేశాను.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నలభై దాటాక స్కూటీ నేర్చుకున్నాను. ఏడేళ్లయింది. మొదటిసారి ఒక్కదాన్నే విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా వెళ్లా. గ్రీన్ పడేసరికి బండి ఆగిపోయింది. సెల్ఫ్ ఎంత నొక్కినా స్టార్టవదు. వెనక ఒకటే హారన్లు. పక్కనున్న లారీలోంచి డ్రైవరు తల బయటపెట్టి, “బ్రేకు పట్టుకుని నొక్కు తల్లీ” అన్నాడు. అయింది. “సెబాసు! ఇంక నింపాదిగా పో” అన్నాడు. మొహం కూడా సరిగ్గా చూడలేదు. ఆ రోజు ఇంటికెళ్లి బండి అమ్మేద్దామనుకున్నదాన్ని, ఇప్పటికీ తోలుతున్నానంటే ఆ రెండు ముక్కల చలవే.

— శుభాశీస్సు కాదమ్మా, ఫారసీ. ‘శాద్ బాష్’. శాద్ అంటే సంతోషం నిండిన, బాష్ అంటే ఉండు. ‘సంతోషంగా ఉండు’ అన్నమాట. మధ్యలో ‘ద’ జారిపోయింది. మన షాదీఖానాలో ఉన్న ‘షాదీ’ కూడా ఈ శాద్ బంధువే. చివర ఉకారం మనం తగిలించుకున్నదే, సర్కార్‌ని సర్కారు చేసుకున్నట్టు. మాట సంస్కృతం కాకపోయినా మీకు చెప్పినాయన అర్థం దగ్గర మరీ తప్పేం పోలేదు. పుట్టుకలో అది మెచ్చుకోలు కాదు, దీవెనే.

— మాస్టారూ, దీవెన సంగతి సరే. వాడుకలో మాత్రం అది పైనుంచి కిందికి వచ్చే మాట. మా హెడ్మాస్టరు నన్ను శభాష్ అనొచ్చు, ఆయన్ని నేనంటే బాగుంటుందా? పైగా గ్లాసు పగలగొట్టినా మా అమ్మ ‘శభాష్’ అనేది!

— ఆ వెటకారం మా ఇంట్లోనూ ఉంది. కానీ దీవెన అంటున్నారు కాబట్టి ఒకటి చెప్తా. మా నిజామాబాద్ దిక్కు బస్సుల ముసలమ్మకు సీటిస్తే ‘సల్లగుండు బిడ్డా’ అంటది. శాద్ బాష్‌కు తెలుగు చెయ్యమంటే నేను అదే రాస్త. మనమెవరో ఆమెకు తెల్వది, మల్ల కలిసేది లేదు. అయినా ఆ మాటకు కడుపు నిండుతది.

— అందరికీ ధన్యవాదాలు. పెద్దా చిన్నా అన్నారు గానీ, ఆ డ్రైవరు గొంతు వింటే నాకంటే పదేళ్లు చిన్నవాడే అనిపించింది. స్టీరింగు ముందు వయసు లెక్కలోకి రాదేమో. మొన్న మా వీధి మలుపులో కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్న అమ్మాయి కారు ఆగిపోయింది. వెనక నేను. హారన్ కొట్టకుండా ఆగాను. కారు కదిలాక పక్కనుంచి వెళ్తూ ‘సెబాసు’ అందామనుకున్నా. తీరా నోటికొచ్చింది, “పర్లేదమ్మా, బాగానే తోలుతున్నావు.” ఆ పిల్ల నవ్వింది. ఇంతకీ ఎవరైనా శభాష్ అంటే తిరిగి ఏమనాలి? మనకి దానికో జవాబుందా?