శ్రోత పంపిన వాయిస్ ఉన్నదున్నట్టు వినిపియ్యాలెనా, హోస్టు చదవాలెనా?

మర్రినీడ_పాలమూరు:
ఇద్దరు ముగ్గురు దోస్తులు కూసొని సినిమాల మీద మాట్లాడే పాడ్‌కాస్టులు మన దిక్కు కూడ వస్తున్నయి. ఎపిసోడ్ చివర పది నిమిషాలు శ్రోతల మాటకు ఇస్తున్నరు. వాట్సాప్‌ల వచ్చిన వాయిస్‌ను కొందరు అట్లనే వినిపిస్తున్నరు, కొందరు రాసుకొని చదువుతున్నరు. నేనైతే వినిపియ్యాలెననే అంట. అచ్చంపేట నుంచి ఒకామె "గా సీన్ల నాయిన ఊకె నిలవడ్డడు, ఏడ్వలే, గందుకే మాకు ఏడుపొచ్చింది" అని పంపిందనుకోండి. హోస్టు దాన్ని "తండ్రి మౌనం తనను కదిలించిందని ఒక శ్రోత అభిప్రాయపడ్డారు" అని చదివితే ఆమె చెప్పిన మాట ఎటు పోయినట్టు? ఆ సీన్ ఎందుకు పనిచేసిందో ఆమె ఒక్క ముక్కల చెప్పింది. మనం దాన్ని తీసేసి సమాచారం ఒక్కటే మిగిలిచ్చినం.

పానగల్_శ్రోత:
చదువుడంటే మార్చుడు కాదన్నా. ఆమె మాటను ఆమె మాటగనే చదవొచ్చు. నేను చదవాలనేది వినేటోళ్ల కోసం. మన ఎపిసోడ్ ఎక్కువమంది బస్సుల, బండి మీద, పని చేసుకుంట ఒక్క చెవుల పెట్టుకొని వింటరు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ మామూలుగ మోనో (ఒక్కటే చానెల్), ఓపస్ కోడెక్ (ధ్వనిని కుదించే పద్ధతి), 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (సెకనుకు పదహారు వేల సార్లు ధ్వనిని కొలుసుడు). శాంప్లింగ్ల సగం వరకే ధ్వని పడ్తది, అంటే 8 కిలోహెర్ట్జ్ పైన ధ్వని ఉండనే ఉండదు. స, శ, ష మొద్దువారి ఒక్క తీరుగ వినబడ్తయి. హోస్టుల గొంతు మంచి మైకుల నిగనిగలాడి, ఎంబడే ఇది వస్తే చెయ్యి వాల్యూమ్ మీదికి పోతది. ఇంకోటి, మూడు నిమిషాల మెసేజ్‌ల అసలు మాట నలభై సెకన్లే ఉంటది.

మూసీ_గట్టు:
తేడా నిజమే, గని దానికి మందున్నది. సౌండు ఎడిటింగ్ దిక్కు నుంచి చెప్త.

ముందు ఫైల్. కొన్ని ఎడిటర్లు .ఓపస్‌ను తెరవవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో వేవ్‌గ (కుదించని ఫైల్‌గ) మార్చుకోవాలె, ఎంపీ3గ కాదు. ఎంపీ3 చేస్తే అసలే నలిగిన ధ్వని ఇంకోసారి నలుగుతది. 16 కిలోహెర్ట్జ్ ఫైల్‌ను 48కి పెంచినా పోయిన పై ధ్వని తిరిగిరాదు. అందుకని ట్రెబుల్ (పై ధ్వని) పెంచొద్దు, పెంచితే గరగర తప్ప ఏం పెరగదు.

రెండోది, 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్, అంటే అంతకన్న కింది ధ్వనిని ఆపేది. ఫోన్ పట్టుకున్న చెయ్యి కదిలిన దడదడ, ప, బ పలికినప్పటి ఊపిరి దెబ్బ చాన మట్టుకు పోతయి. తర్వాత నాయిస్ రిడక్షన్, అంటే ఎనుక మోతను తగ్గించుడు. ఆడాసిటీ అనే సౌండు ఎడిటర్ల మాట లేని ఒక సెకను ముక్కను నమూనగ ఇచ్చి, 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టి 12 దాటనియ్యొద్దు. దాటితే గొంతు నీళ్లల్ల మునిగినట్టు బుడబుడమంటది. ఇది ఫ్యాను, కూలర్ అసొంటి ఒక్క తీరు మోతకే పనికొస్తది. ట్రాక్టర్ దగ్గరికొచ్చి పోయే మోతకు పనిచెయ్యదు. ఎందుకంటే నమూన తీసుకున్న మోత, మాట కింద ఉన్న మోత ఒకటి కావు. రేకుల ఇంట్ల, ఖాళీ హాల్ల మోగిన గొంతుకు కూడ ఇది మందు కాదు.

కంప్రెసర్‌ను (పెద్ద, చిన్న సప్పుళ్ల తేడాను తగ్గించేది) మోత తగ్గించినంకనే పెట్టాలె, ముందుగాల కాదు. ముందు పెడితే మాటల సందుల ఉన్న మోతను కూడ లేపి కూసోబెడ్తది. ఆఖరుకు లౌడ్‌నెస్, అంటే చెవికి మొత్తం మీద ఎంత గట్టిగ వినబడ్తదో. ఎపిసోడ్ స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (లౌడ్‌నెస్ కొలత), మోనో అయితే మైనస్ 19, ట్రూ పీక్ (అన్నిటికన్న ఎత్తైన సప్పుడు) మైనస్ 1 డెసిబెల్. ఒక్కో మెసేజ్‌ను విడిగ కొలిచి హోస్టు గొంతు లెవల్‌కు తేవాలె. మొత్తం ఎపిసోడ్‌ను ఒక్కటే కొలిస్తే సగటు సరిగనే చూపెడ్తది, మెసేజ్‌లు మాత్రం కిందనే ఉంటయి. వాల్యూమ్ మీదికి చెయ్యి పోవుడు సగం ఈ తప్పుతోనే.

కోత ముచ్చట. ఆ నలభై సెకన్లే ఉంచండి, ఎవరూ కాదనరు. గని వాక్యాల వరుస మార్చొద్దు. "పాటలు మంచిగున్నయి గని కథల బలం లేదు" అన్నదాన్ని "గని" ముందర కోస్తే అది ఆ మనిషి మాట కాదు. ఊపిరి తీసుకునే సందులన్ని తీసెయ్యొద్దు, మనిషి మాట్లాడినట్టు ఉండదు. కోసిన ముక్కను పంపినాయనకు ఒక్కసారి వినిపిచ్చి వెయ్యాలె. అసలు ఫైల్‌ను ముట్టకుండ వేరేగ దాచిపెట్టుకోవాలె.

దిండి_వాగు:
మీరంతా శబ్దం దగ్గరే ఆగారు. నాకు అంతకంటే పెద్ద చిక్కు కనిపిస్తోంది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన సినిమా గురించి ఎపిసోడ్ చేస్తే, నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చే మెసేజీలు సినిమా దగ్గర ఆగవు. ఏ గడీలో ఏ దొర ఎవరిని కొట్టించాడో, ఎవరి భూమి ఎవరికి పోయిందో ఇంటిపేర్లతో చెబుతారు. ఆ మాటలకు విలువ ఉంది, నేను కాదనను. కానీ వాటిని ప్రసారం చేసింది మీరు. "అన్నది శ్రోత, మేం కాదు" అనే మాట మిమ్మల్ని కాపాడదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం చనిపోయినవారి గురించి అన్న మాటకూ వర్తించవచ్చు, కుటుంబసభ్యుల మనసు నొప్పించే ఉద్దేశం ఉంటే. పేరు మీద బీప్ వేస్తే వినేవాళ్లు ఆ పేరు కోసమే వెతుకుతారు. ఆ వాక్యం మొత్తం తీసి, సంగతిని పేర్లు లేకుండా హోస్టే చెప్పడం మేలు. ఇక్కడ చదవడమే సరైన పని.

అనుమతి కూడా రెండు ముక్కలుగా అడగండి: గొంతు వెయ్యొచ్చా, పేరూ ఊరూ చెప్పొచ్చా. చాలామంది మొదటిదానికి సరే అని రెండోదానికి వద్దంటారు. జవాబు అదే చాట్‌లో రాతపూర్వకంగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుంది, కాబట్టి ఇంటర్ పిల్లల మెసేజ్ అయితే అమ్మానాన్నల మాట కూడా తీసుకోండి.

మర్రినీడ_పాలమూరు:
అక్కా, పేర్ల ముచ్చట ఒప్పుకుంట. గని పానగల్ అన్న "ఆమె మాటగనే చదవొచ్చు" అన్నదానికి జవాబు చెప్పాలె. హోస్టు ఆ యాసను పలకబోతే ఏమైతది? తెలుగు సినిమా ఏండ్ల తరబడి మన మాటను జోకులు చేసేటోనికి, రౌడీకి ఇచ్చింది. ఆ సినిమాల గురించే మాట్లాడే పాడ్‌కాస్టుల ఒకడు శ్రోత యాసను అనుకరించి చదివితే, మంచి మనసుతోనే చదివినా చెవికి అదే ఎక్కిరింత తీరుగ తాకుతది. పైగ "మన యాస" అనేది ఒక్కటి కాదు. నారాయణపేట మాటల కన్నడ జీర ఉంటది, గద్వాలల రాయలసీమ ఒడుపు వినబడ్తది, కోదాడ దాటంగనే అవతలి జిల్లాల పలుకు కలుస్తది. ఇవన్ని ఒక్క నోటితోని చదివితే అన్ని ఒక్కటే అయితయి.

పానగల్_శ్రోత:
అనుకరణ ముచ్చట నిజం, ఆ మాట వాపస్ తీసుకుంటున్న. యాస పలకలేనోడు తన మాటల్లనే చదవాలె. గని అన్నా, వాయిస్ పంపేది ఎవరు? ఇంట్ల ఒక అర్ర, సప్పుడు లేని టైమ్, మాట్లాడే ధైర్యం ఉన్నోళ్లు. చిన్న ఊర్ల గొంతు వింటే మనిషిని గుర్తుపడ్తరు. అందుకే ఆడోళ్లు చాన మంది రాసి పంపుతరు, పేరు చెప్పొద్దంటరు. వాయిస్‌కు ఎనిమిది నిమిషాలు, రాతకు రెండు నిమిషాలు ఇస్తే ఎవరి మాట తగ్గుతున్నదో చూడండి. నాకైతే ఇది యాస కన్న పెద్ద ప్రశ్న.

మర్రినీడ_పాలమూరు:
దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఇద్దరికీ సమానంగ టైమ్ ఇయ్యాలె.

కోదాడ_రీలు:
ఒక రకం మెసేజ్‌ను మీరెవరూ ముట్టలేదు: హోస్టు తప్పును దిద్దేది. పాత సినిమా నటుడు కాంతారావు కోస్తా మనిషి అని హోస్టు నోరు జారితే ఇక్కడ్నుంచి పది మెసేజ్‌లు వస్తాయి. ఆయన ఊరు కోదాడ దగ్గరి గుడిబండ. అప్పుడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టాక సూర్యాపేట జిల్లా. ఇట్లాంటిది శ్రోత గొంతులో వేస్తే ఫిర్యాదులా వినిపిస్తుంది, హోస్టు నవ్వి దాటేస్తాడు. తప్పు చేసిన మనిషే, తర్వాతి ఎపిసోడ్ మొదట్లో, తన నోటితో దిద్దుకోవాలి. చివర్లో పెడితే సగంమంది వినరు. పాత ఎపిసోడ్ వివరణలో కూడా ఒక లైన్ రాయాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్లు పాతదే వింటారు. ఎవరు దిద్దారో, వాళ్లు ఒప్పుకుంటే, పేరు చెప్పాలి.

మూసీ_గట్టు:
ఇంకో రెండు ఉన్నయి. మెసేజ్ ఎనుక టీవీల సినిమా పాట నడుస్తుంటే యూట్యూబ్ యంత్రం దాన్ని పట్టి కాపీరైట్ క్లెయిమ్ వేస్తది. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ల విమర్శ, సమీక్ష కోసం న్యాయమైన వాడకానికి మినహాయింపు ఉన్నది, గని యంత్రానికి అది తెల్వదు. పైగ మాట ఎనుక ఊకె మోగే పాట సమీక్ష కిందికి వస్తదని వాదించుడు కష్టం. పాటను గొంతు నుంచి విడదీయబోతే గొంతు చెడ్తది. మళ్ల రికార్డ్ చేసి పంపుమని అడుగుడే సులువు. కథ ముగింపు చెప్పేసే మెసేజ్‌లను వేరే చాప్టర్‌ల పెట్టి, టైమ్ వివరణల రాయాలె.

దిండి_వాగు:
అయితే పంపేవాళ్లకు ఏం చెప్పాలో కూడా ఇక్కడే రాసేయండి. ఎపిసోడ్ చివర అరనిమిషంలో చదివేలా ఉండాలి.

మూసీ_గట్టు:
ఇట్ల చెప్పొచ్చు: "ఫ్యాను బందు చెయ్యండి. బట్టల బీరువా పక్కన్నో, పరుపులు, బొంతలు పెట్టిన మూలకో నిలబడండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంల, కొంచెం పక్కకు పట్టుకోండి. ముందు సినిమా పేరు చెప్పండి, తర్వాత మీ మాట, ఒక్క నిమిషం లోపల. ఇంకొకరి పేరు వద్దు. వాట్సాప్ మైక్ బటన్ కాకుండ ఫోన్ల రికార్డర్ యాప్‌తో రికార్డ్ చేసి, డాక్యుమెంట్‌గ పంపండి. మీ గొంతు వెయ్యొచ్చా, పేరూ ఊరూ చెప్పొచ్చా రెండూ రాయండి. రాసి పంపినా సరే, అంతే టైమ్ ఇస్తం." డాక్యుమెంట్‌గ వస్తే వాట్సాప్ మళ్ల నలగ్గొట్టదు. 8 కిలోహెర్ట్జ్ దగ్గర తెగే బాధ కూడ అక్కడనే తీరుతది.

పానగల్_శ్రోత:
డాక్యుమెంట్‌గ పంపుడు పెద్దోళ్లకు రాదు. వాళ్లు మైక్ బటనే నొక్కుతరు. వాళ్లది అట్లనే తీసుకొని, ముందు హోస్టు ఒక్క వాక్యంల సంగతి చెప్పి, అప్పుడు వినిపియ్యండి. ఏం వినబోతున్నమో చెవికి ముందే తెలిస్తే మొద్దువారిన మాట కూడ అర్థమైతది.