మేక్‌లో ట్యాబ్ నిబంధన: యాభై ఏళ్ల లోపాన్ని ఇంకా మోయాలా?

చుక్కాని:
ప్రోగ్రాములను కట్టే పనిముట్టు మేక్. దాని సూచనల ఫైలైన మేక్‌ఫైల్‌లో ఆదేశాల లైన్లు ట్యాబ్‌తోనే మొదలవాలన్నది నిబంధన. అందులో ఒక ఆదేశం చేర్చాను. ఎడిటర్ ట్యాబ్‌ను ఎనిమిది ఖాళీలుగా మార్చేసింది. నడిపితే ‘మిస్సింగ్ సెపరేటర్’ (విడదీసే గుర్తు లేదు) అంటూ ఆగిపోయింది. పైగా పక్కనే, ‘ఎనిమిది ఖాళీలకు బదులు ట్యాబ్ పెట్టాలనుకున్నారా?’ అని ప్రశ్న! నా తప్పేమిటో దానికి తెలుసు, అయినా పని చేయదట. ఇది లోపమే, సరిచేయాలి.

పాతకాపు:
స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో మేక్ రాసిన కొద్ది వారాలకే డజను మంది వాడుకరులు తయారయ్యారు. వాళ్ల ఫైళ్లు చెడతాయని ఆయన ట్యాబ్ జోలికి పోలేదు. తర్వాత యూనిక్స్ తరహా వ్యవస్థలకు వర్తించే పోసిక్స్ ప్రమాణంలోనూ అదే స్థిరపడింది. మీకంత ఇబ్బందైతే మేక్‌కు బాగా వాడుకలో ఉన్న రూపం గ్నూ మేక్ 3.82లో, అంటే 2010లోనే, రెసిపీప్రిఫిక్స్ అనే వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) వచ్చింది. ట్యాబ్ బదులు నచ్చిన గుర్తు పెట్టుకోండి.

చుక్కాని:
ఆ డజను మంది మీది మొహమాటాన్ని మనం మోస్తున్నామన్నమాట! మా జట్టులో సగం మందివి మ్యాకులు. వాటితో వచ్చే మేక్ 3.81, అందులో మీరు చెప్పిన వేరియబుల్ లేదు. మైక్రోసాఫ్ట్ వారి మేక్ రూపమైన ఎన్‌మేక్ ఖాళీలను కూడా ఒప్పుకుంటుంది. ఎవరి కొంప మునిగింది?

గోరింట:
గ్నూ మేక్‌లో నియమాల (ఏ పనికి ఏ ఆదేశాలో చెప్పే భాగాల) కింద వేరియబుల్ నిర్వచనాలను అందం కోసం ఖాళీలతో జరిపి రాసేవాళ్లు బోలెడు మంది. ఖాళీలను ఒప్పుకుంటే అవన్నీ ఆదేశాలైపోయి, ఆదేశాలను నడిపే షెల్ చేతిలో పడతాయి.

చుక్కాని:
అన్నీ కాదు గోరింట గారూ. ఇప్పుడు ‘మిస్సింగ్ సెపరేటర్’ అని ఆగిపోయే లైన్లనే ఆదేశాలుగా తీసుకోమంటున్నాను. ఎలాగూ నడవని ఫైలు కొత్తగా చెడేదేముంది?

గోరింట:
చిక్కంతా అక్కడే. ‘రన్:’ కింద నాలుగు ఖాళీలు పెట్టి ‘పోర్ట్=8080 నోడ్ సర్వర్.జెఎస్’ అని రాయండి. మేక్ ఆగదు. పోర్ట్ అనే వేరియబుల్‌కు మిగతాదంతా విలువ అనుకుని, ‘రన్‌కు చేయవలసిందేమీ లేదు’ అని చెప్పి ముగిస్తుంది. మీరు కోరినట్టు చేస్తే సమాన చిహ్నం లేని మామూలు ఆదేశం నడుస్తుంది, ఇది మాత్రం చడీచప్పుడు లేకుండా వేరియబుల్‌గా మారిపోతుంది. ఆదేశంలో విడిగా ఒక కోలన్ ఉన్నా అంతే, దాన్ని కొత్త నియమం అనుకుంటుంది. సగం నడిచి సగం నడవని ఫైలు కంటే, అసలు నడవనని మొండికేసే ఫైలే నయం.

చుక్కాని:
ప్రయత్నించి చూశాను, నిజమే. నా పరిష్కారం నిలవదు. కానీ ఆ మాయ ఇప్పుడూ జరుగుతోంది కదా! నియమం కింద ఖాళీలతో మొదలైన లైనులో సమాన చిహ్నం కనబడితే కనీసం హెచ్చరిక ఇవ్వాలి.

గోరింట:
హెచ్చరికకు నా అభ్యంతరం లేదు.

పాతకాపు:
అందాకా ఫైలును తెరపై చూపే ‘క్యాట్’ ఆదేశానికి హైఫన్ టీ జోడించి ఫైలు చూడండి. ట్యాబ్ ఉన్నచోట టోపీ గుర్తు, పక్కన ఐ అక్షరం కనిపిస్తాయి. ఒక్క ఆదేశమే అయితే నియమం చివర సెమీకోలన్ పెట్టి అదే లైనులో రాసేయండి, ట్యాబ్‌తో పనే లేదు.

చుక్కాని:
చూశాను. నేను ముట్టుకోని పాత లైన్లలోనే రెండిటికి టోపీ లేదు. రెండింటిలోనూ సమాన చిహ్నం ఉంది.