లాగ్‌లు వేరే సర్వర్‌కు పంపుతున్నా మధ్యలో కొన్ని పోతున్నాయి

ప్రశ్న:
నేను చూసుకునే మూడు లినక్స్ సర్వర్లలో ఒకదానిలోకి ఈమధ్య ఎవరో చొరబడ్డారు. రూట్ (సర్వర్‌పై పూర్తి) అధికారం చిక్కగానే, లాగిన్‌లు నమోదయ్యే ఆథ్.లాగ్ ఫైలును ఖాళీ చేసేయడంతో, ఏ ఖాతాతో ఎక్కడినుంచి వచ్చారో తెలిపే ఆధారమేదీ మిగలలేదు. అందువల్ల లాగ్‌లను రాసి, పంపే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో *.* (అన్ని లాగ్‌లూ అని) తర్వాత @ గుర్తు, దాని పక్కన మరో సర్వర్ చిరునామా రాసి లాగ్‌లన్నీ అక్కడికి పంపుతున్నాను. అయితే ఆ లాగ్ సర్వర్‌ను మొన్న రీబూట్ చేసినప్పుడు, సుమారు నాలుగు నిమిషాల లాగ్‌లు దానికి చేరనే లేదు. నేనేమైనా వదిలేశానా?

జవాబు 1:
ఒక్క @ రాస్తే, అందిందో లేదో చూడకుండా పంపే యూడీపీ పద్ధతి అండి. అవతల వినే సర్వర్ ఉన్నా లేకున్నా పంపేవైపు పట్టించుకోదు. రెండు @@ రాస్తే, ముందు కనెక్షన్ కలుపుకుని పంపే టీసీపీ అవుతుంది గానీ, అదొక్కటే చాలదు. ఆ యాక్షన్‌కు (లాగ్‌లు పంపే ఆ ఆదేశానికి) డిస్క్ మీద క్యూ (పంపాల్సిన వరుసలు ఆగే చోటు) ఫైలు పేరు ఇచ్చి, మళ్లీ ప్రయత్నించే సంఖ్యను -1గా (అంటే ఎన్నిసార్లయినా అని) పెడితే, లాగ్ సర్వర్ తిరిగి లేచేదాకా వరుసలు క్యూలో ఆగి ఉంటాయి. టీసీపీ కనెక్షన్ హఠాత్తుగా తెగినప్పుడు దారిలో ఉన్న కొన్ని వరుసలు అప్పటికీ పోవచ్చు కాబట్టి, ఒక్కటి కూడా పోకూడదనుకుంటే, అందినట్టు రసీదు తీసుకునే రెల్ప్ అనే పద్ధతి వాడండి.

జవాబు 2:
పైన చెప్పింది సరైనదే గానీ, దారిలో ఎవరైనా చదవగలిగే లాగ్‌ను భద్రత అనలేం. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5425 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం, దారిలో ఎవరూ చదవలేకుండా గుప్తీకరించే టీఎల్‌ఎస్ మీద సిస్‌లాగ్‌కు (లాగ్‌లు పంపే పద్ధతికి) 6514 పోర్టు కేటాయించారు. సర్టిఫికెట్లను రెండువైపులా పేరుతో సహా సరిచూసేలా పెట్టండి. గుర్తింపు అడగని అనాన్ పద్ధతి దగ్గరే చాలామంది ఆగిపోతారు. అందులో వరుసలు ఎన్‌క్రిప్ట్ అవుతాయే తప్ప, పంపుతున్నది మీ సర్వరో మరొకరిదో తేలదు.

జవాబు 3:
క్యూ గురించి ఒక మెలిక ఉంది. అది ఉండేది చొరబాటుదారుడు దూరిన డిస్క్ మీదే కాబట్టి, రూట్ ఉన్నవాడు దాన్నీ చెరిపేయగలడు. రూట్ అతని చేతికి పోకముందు సర్వర్ గడప దాటిన వరుసలే నమ్మదగిన సాక్ష్యం. ఆ తర్వాత వచ్చేవి అతను కల్పించినవీ కావచ్చు. అందుకే లాగ్ సర్వర్ ఎక్కువసేపు ఆగకుండా చూడండి, ఆ మూడు సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీతో దానిలోకి వెళ్లే వీలు ఉంచకండి. అతను ఆర్‌సిస్‌లాగ్‌ను ఆపేసినా తెలియాలి కదా! ప్రతి సర్వర్ నుంచి ఐదు నిమిషాలకోసారి లాగ్‌లో వరుస రాసే లాగర్ కమాండ్‌తో ఒక వరుస పంపేలా, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టి, అది రాకపోతే హెచ్చరిక వచ్చేలా చేసుకోండి. పాత సిస్‌లాగ్ తేదీలో సంవత్సరమూ టైమ్‌జోనూ ఉండవు కాబట్టి, ఆర్‌ఎఫ్‌సీ 5424 రూపానికి మారి, గడియారాలను క్రోనీ అనే ప్రోగ్రామ్‌తో సరిచేయండి.

ప్రశ్న అడిగినవారు:
టీఎల్‌ఎస్, డిస్క్ క్యూ రెండూ పెట్టాను. లాగ్ సర్వర్‌ను పది నిమిషాలు ఆపి, లాగర్‌తో 1 నుంచి 100 దాకా అంకెలు పంపి చూస్తే, అది లేచాక నూరూ వరుసగా వచ్చాయి. ఎస్‌ఎస్‌హెచ్ కీ మాత్రం లాగ్ సర్వర్‌తో కలిపి నాలుగింటికీ ఒకటే వాడుతున్నానని ఇప్పుడే గమనించాను. ఈ రాత్రికే మారుస్తాను.