పట్టు మీద అక్షరాలు తిరగబడకుండా ఎలా నేసేవాళ్లు?

అందరికీ నమస్తే. మాది నేత కుటుంబం, ఇంట్లో జాకార్డ్ మగ్గం (చిల్లులు కొట్టిన అట్టలతో నమూనా లేపే మగ్గం) ఉంది. మగ్గం పని తెలిసినవాళ్లు, పాత బట్టల గురించి చదివినవాళ్లు కాస్త చెప్పండి.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఖొరాసాన్‌లో (ఇప్పటి ఈశాన్య ఇరాన్, దాని చుట్టుపక్కల ప్రాంతం) నేసిన ఒక పట్టు ముక్క ఉంది, సెయింట్ జోస్ వస్త్రం అంటారు. 961లో చనిపోయిన అబూ మన్సూర్ బఖ్తకీన్ అనే సేనాని పేరు అందులోనే నేశారు, అతనికి కీర్తి, సౌభాగ్యం కలగాలని. ఎదురెదురుగా రెండు ఏనుగులు, అంచులో వరసగా ఒంటెలు, ఏనుగుల కాళ్ల కింద కూఫీ లిపి (అరబిక్‌ని కోణాలుగా రాసే పాత పద్ధతి). ఫొటో పెద్దది చేసి చూస్తే అక్షరం అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి, అంటే అద్దకం కాదు, కుట్టు కాదు, పేకతోనే (అడ్డంగా వెళ్లే దారం) తెచ్చారు.

నా సందేహం ఇది. ఏనుగులు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి సగం డిజైన్ కట్టుకుని రెండో సగం తిప్పేయొచ్చు, మా ఇంట్లో జంట హంసలకి నాన్న చేసేది అదే, అట్టలు కూడా తక్కువ పడతాయి. కానీ అక్షరాలు అలా తిప్పితే రెండో వైపు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి కదా! మరి అక్షరాల పట్టీ వరకూ పూర్తి వెడల్పుకి వేరే తాళ్లు కట్టుకునేవాళ్లా? లేక అక్షరాలని పడుగు (మగ్గం మీద పొడవునా సాగే దారాలు) దిశలో నిలువుగా పడుకోబెట్టి నేసేవాళ్లా? అప్పట్లో అట్టలు లేవు, పక్కన ఒక మనిషి తాళ్లు లాగితేనే నమూనా లేచేది.

నాన్న కంటిచూపు తగ్గుతోంది, ఆయన మగ్గం దగ్గర కూర్చోగలిగినప్పుడే తెలుగు అక్షరాలతో చిన్న పట్టీ నేసి చూడాలని ఉంది. నేత కట్టు దగ్గరగా కనిపించే ఫొటోలు, ముఖ్యంగా వెనక వైపువి, ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి.