కీళ్లవాతం ఉండగా అయ్యకోనేరు గట్టు మీద నడక కొనసాగించవచ్చునా?

విజయనగరం టీచరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా వయసు 47. విజయనగరానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మూడేళ్ల క్రితం రెండు చేతుల వేళ్ల కణుపులూ మణికట్లూ ఒకేసారి వాచి, నిద్ర లేచిన గంటకు కూడా పిడికిలి ముడుచుకోకపోవడంతో పరీక్షలు చేయించుకున్నాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. ఆదివారం రాత్రి మెథోట్రెక్సేట్, వారంలో మరో రోజు ఫోలిక్ యాసిడ్, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. వాపు చాలావరకు తగ్గింది. అయినా కుడి మోకాలు పూర్తిగా చాపలేను. చాక్‌పీసు పట్టుకొని పది నిమిషాలు రాస్తే బొటనవేలి మొదలు సలుపుతుంది. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి.

నా సందేహం మందుల గురించి కాదు. జబ్బు రాకముందు రోజూ ఉదయం అయ్యకోనేరు గట్టు మీద నడిచేదాన్ని. ఇప్పుడు మా అత్తగారు నన్ను నీళ్ల చెంబు కూడా ఎత్తనివ్వడం లేదు. మా పెద్దాడపడుచు మాత్రం నడిస్తేనే కీళ్లు వదులవుతాయి, నొప్పిని లెక్కచేయవద్దు అంటుంది. ఇద్దరిదీ ప్రేమే గాని, అత్తగారి మాట విన్న నెలలో కాళ్లు మరింత బిగుసుకుపోయాయి, ఆడపడుచు మాట విన్న మర్నాడు మంచం దిగలేకపోయాను. ఎంత కదలాలో, ఎక్కడ ఆగాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? పాఠశాలలో నాకిచ్చిన పదో తరగతి గది మేడ మీద ఉంది. దాని గురించి కూడా ఎవరికైనా తెలిస్తే రాయగలరు.

నాగావళి ఒడ్డు (జవాబు):

అమ్మా, నాది శ్రీకాకుళం. ఈ జబ్బుతో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఇందులో ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండదు కాబట్టి, రోజుకు ఇన్ని అడుగులని ముందే లెక్క పెట్టుకోవడం కుదరదు. ఏ కీలైనా వేడిగా, ఉబ్బి ఉన్న రోజున దాని మీద బరువు పెట్టకూడదు. అలాగని కట్టేసినట్టు ఉంచినా కండ కరిగి, కీలు అదే వంపులో బిగుసుకుంటుంది కనుక, పడుకుని దానిని మెల్లగా పూర్తిగా ముడిచి చాపడం ఆ రోజు కూడా మానరాదు. వాపు లేని రోజున నడవవచ్చు. నడిచాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మీరు ఎక్కువ నడిచారని అర్థం, మరుసటి సారి తగ్గించుకోవాలి. మా ఫిజియోథెరపిస్టు నేర్పిన ఈ కొలతను నేను ఇప్పటికీ వదల్లేదు.

వేళ కూడా మార్చుకోండి. చీకటితోనే నడవాలన్నది మనలాంటి వారికి చెప్పిన మాట కాదు. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, చేతులూ కాళ్లూ వదులైన తరువాత బయలుదేరితే అదే దూరం సగం కష్టంతో అయిపోతుంది. పాఠశాల రోజుల్లో అయితే సాయంత్రమే మేలు.

నడక కన్నా వంటిల్లే వేళ్లను ఎక్కువ పాడుచేస్తుందని నాకు ఆలస్యంగా తెలిసింది. గంజి వార్చేటప్పుడు నిండు గిన్నె బరువంతా వంచిన మణికట్టు మీద పడుతుంది. ఇప్పుడు నేను గిన్నెను పొయ్యి మీదనే ఉంచి, చిల్లుల గరిటెతో అన్నం తోడుకుంటాను. గరిటెల కాడలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాను, కాడ లావైతే వేళ్లను అంత బిగించి పట్టనక్కరలేదు. తడిబట్టను చేతులతో పిండకుండా కుళాయికి చుట్టి, రెండు కొసలూ కలిపి అరచేతులతో మెలితిప్పుతాను. సంచి వేళ్లకు తగిలించుకోకుండా మోచేతి మడతలో వేసుకుంటాను. చూసేవారికి ఇవన్నీ చాదస్తంగానే కనిపిస్తాయి.

మేడ గది విషయం: 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, వైకల్యం ఉన్న ఉద్యోగికి పనిచేసే చోట తగిన సదుపాయం కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వ సంస్థల మీద ఉంది. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకొని, తరగతిని కింది గదికి మార్చమని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే అది దయగా మిగిలిపోతుంది.

ఉద్దానం వాసి (జవాబు):

మాది సోంపేట దగ్గర. జబ్బు నా భార్యకు. పై జవాబులోని రెండు గంటల కొలతకు ఒక మాట కలపాలి. నొప్పి మాత్ర వేసుకొని నడిస్తే ఆ కొలత పనిచేయదు, ఎందుకంటే ఆగమని చెప్పవలసిన నొప్పినే మనం మూయించేశాం. నా భార్య రెండేళ్ల పాటు నడకకు ముందు ఒక డైక్లోఫెనాక్ మాత్ర వేసుకునేది. కారణం నేటికీ తేలని కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ప్రాంతంలో ఆ జబ్బు ఎంత ప్రమాదమో మాకు తెలియకపోలేదు, అయినా కీళ్ల నొప్పి మాత్రకూ కిడ్నీకీ సంబంధం ఉందని మేము అనుకోలేదు. ఆ రకం మాత్రలు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. మీరు వాడే మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటకు పోయేది కూడా కిడ్నీల గుండానే, అవి మందగిస్తే మందు లోపలే నిలిచిపోతుంది. కాలేయ పరీక్షతో పాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయిస్తున్నారో లేదో చూసుకోండి.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసినది. మా బంధువులలో ఒకావిడ చీటీ సరిగా చదవక వరుసగా అయిదు రోజులు మింగి, నోరంతా పూసి, ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. మా ఇంట్లో క్యాలెండరు మీద ఆదివారాలకు మాత్రమే ఎర్ర సున్నా చుట్టి పెడతాను.

పొందూరు అబ్బాయి (జవాబు):

మా అమ్మ సన్న నూలు వడుకుతుంది. ఇదే జబ్బు వచ్చినప్పుడు రాట్నం అటక మీద పెట్టేయాలని ఇంట్లో అందరం తీర్మానించాం, ఆమె ఒప్పుకోలేదు. తాను చేసే పనులను విడివిడిగా చూసుకొని, వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పనిని మాత్రం మా పిన్నికి అప్పగించింది, ఎందుకంటే ఆ చిన్న ఎముకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గంటల తరబడి బిగించి పట్టాలి. రాట్నం తిప్పడంలో భుజమూ మోచెయ్యీ పనిచేస్తాయి గనుక దానిని ఉంచుకుంది. నేల మీది రాట్నాన్ని బల్ల మీదికి ఎక్కించి, తాను కుర్చీలో కూర్చుంటుంది. అరటి దొప్పలోని ఒక ఏకు అయిపోగానే లేచి పెరటి దాకా వెళ్లి వస్తుంది. మునుపటి కన్నా నూలు తక్కువే వస్తోంది. కూలీ తగ్గిందని నాన్న అప్పుడప్పుడు విసుక్కుంటాడు, ఆమె వినిపించుకోదు.

విజయనగరం టీచరు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను. క్రియాటినిన్ పరీక్ష చేయించాను, సరిగానే ఉంది. పొందూరు వారి అమ్మగారిలా నా పనులనూ విడదీసి చూసుకుంటే, బోర్డు మీద లెక్క నేనే రాయనక్కరలేదని తోచింది. ఇప్పుడు పిల్లలు వంతుల వారీగా రాస్తున్నారు, నేను పక్కన నిలబడి తప్పులు పట్టుకుంటున్నాను. కింది గదికి అర్జీ ఇచ్చాను, జవాబు రావలసి ఉంది. సాయంత్రం గట్టు మీద పావు వంతు నడిచి, కూర్చొని, వచ్చిన దారినే తిరిగి వస్తున్నాను. మొన్న ఉత్సాహం కొద్దీ సగం దాకా పోతే నొప్పి రాత్రి భోజనాల వేళకు కూడా తగ్గలేదు, మరునాడు మళ్లీ పావు వంతుకే వచ్చాను. మా అత్తగారు ఇప్పుడు నాతోనే వస్తున్నారు, గడియారం ఆవిడ చేతిలో ఉంటుంది.