ఘట్‌కేసర్, నాగారం, కొంపల్లి, మేడ్చల్: ఫ్లాట్ కొనే ముందు ఊరిని ఎలా చూడాలి?

పోచారం_రూటు (ప్రశ్న)

మా ఆవిడ ఆఫీసు పోచారంలో, నాది సికింద్రాబాద్ స్టేషన్ పక్కన. బాబు మూడో తరగతి, నాన్నగారికి 72 ఏళ్లు. రిజిస్ట్రేషన్ ఖర్చులు కాకుండా 65 లక్షల్లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ చూస్తున్నాం. ఘట్‌కేసర్, నాగారం–దమ్మాయిగూడ, కొంపల్లి, మేడ్చల్ అనుకున్నాం. బ్రోకర్లంతా ఆదివారం పదకొండింటికి రమ్మంటున్నారు, కార్లో తిప్పి చూపిస్తారట. అలా తిరిగితే ఊరి సంగతి ఏం తెలుస్తుంది? ఎప్పుడెళ్లాలి, ఎవర్ని ఏం అడగాలి, ఏది కనబడితే వెనక్కి వచ్చేయాలి? టైల్స్, వాస్తు గురించి కాదండీ, ఊరి గురించి చెప్పండి.

మౌలాలి_జంక్షన్

ఆదివారం పదకొండింటికి నగరం చుట్టూ ఏ ఊరైనా ముద్దొస్తుంది. బ్రోకర్‌కి చెప్పకుండా, సెలవు లేని మంగళవారమో బుధవారమో మీరే వెళ్లండి. పొద్దున్నే అక్కడికి చేరి, రోజూ ఏ టైముకి బయలుదేరాల్సి వస్తుందో అదే టైముకి అక్కణ్ణుంచి ఆఫీసుకి రండి. సాయంత్రం ఆఫీసు నుంచి మళ్లీ అక్కడికి. పొద్దున పట్టిన టైమే సాయంత్రమూ పడుతుందనుకోకండి. వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. అలాంటి చోట మ్యాప్ చూపించే నిమిషాల్ని కాదు, పీక్ టైములో మీ బండి తీసుకున్న నిమిషాల్ని నమ్మాలి.

ఘట్‌కేసర్ అనగానే బ్రోకర్లు ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) ఉందంటారు. ఉంది, 2024 మార్చిలో మొదలైంది. కానీ మౌలాలి–సనత్‌నగర్ లైను మీదుగా లింగంపల్లి వైపు పోయే బండి సికింద్రాబాద్ స్టేషన్‌ని తాకదు, పక్క నుంచి వెళ్లిపోతుంది. మీ ఆఫీసు స్టేషన్ దగ్గర కాబట్టి ఆ బండి మీకు పనికిరాదు. మేడ్చల్ లైను 2023లో మొదలైంది, అది సికింద్రాబాద్‌కే వస్తుంది. అయితే పాత లింగంపల్లి–ఫలక్‌నుమా లైనులా బళ్లు ఒకదాని వెనక ఒకటి ఉండవు. ఒక బండి తప్పిపోతే తర్వాతది ఎన్నింటికి, రాత్రి ఆఖరిది ఎన్నింటికి, ఈ రెండూ రాసుకోండి. స్టేషన్ నుంచి ఆ అపార్ట్‌మెంట్‌కి రాత్రి తొమ్మిది తర్వాత ఆటో దొరుకుతుందా అన్నది స్టాండులో ఆటోవాళ్లనే అడగాలి.

కొంపల్లిలో ఉంటే మీ ఆవిడ కండ్లకోయ దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, శామీర్‌పేట, కీసర దాటి ఘట్‌కేసర్‌లో దిగాలి. రోడ్డు ఖాళీగానే ఉంటుంది, కానీ నెలకి 22 పనిరోజులంటే 44 సార్లు టోల్. ఆ డబ్బు, పెట్రోలు కలిపి ఈఎంఐ పక్కన వేసి చూసుకోండి. ఇద్దరిలో ఎవరి ప్రయాణం పొడవైనా పరవాలేదో ముందు ఇంట్లో తేల్చుకుంటే నాలుగు ఊళ్లలో రెండు వాటంతటవే ఎగిరిపోతాయి.

సంపు_కింద_నీళ్లు

ప్రయాణం తర్వాత నీళ్లు. నా లెక్కలో నీళ్లే ముందు.

“మంజీర ఉందా?” అని అడిగితే అందరూ ఉందనే అంటారు. (ఇక్కడ ఏ నది నీళ్లొచ్చినా జనం మంజీరే అంటారు.) అలా అడక్కండి. లైను వేశారా, ఈ అపార్ట్‌మెంట్‌కి కనెక్షన్ ఇచ్చారా, ఇస్తే ఎన్ని రోజులకోసారి ఎంతసేపు వదులుతారు? ఈ మూడూ విడివిడిగా అడగాలి. పక్కా సాక్ష్యం వాటర్ బోర్డు బిల్లు. బిల్లు మీద క్యాన్ నంబరు (కనెక్షన్ ఖాతా నంబరు) ఉంటుంది, ఎన్ని కిలోలీటర్లు వాడారో ఉంటుంది. రోడ్డు మీద లైను ఉండి బిల్లు లేదంటే ఆ ఇంటికి నీళ్లు లేనట్టే.

అవసరం ఎంతో మీరే లెక్కేసుకోవచ్చు. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఫ్లాట్‌కి నలుగురు, 50 ఫ్లాట్లు అనుకుంటే 27,000 లీటర్లు. బోర్డు నీళ్లు రాని రోజున, బోరు ఎండితే, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఐదూ ఆరూ రావాలి. ఇక్కడిది గ్రానైట్ రాయి నేల, నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. చుట్టూ బోర్లు పెరిగేకొద్దీ ఆ పగుళ్లు ఎండుతాయి. అందుకే నవంబర్‌లో ధారగా పోసిన బోరు ఏప్రిల్‌కి గాలి కొడుతుంది. వానాకాలం పోగానే వచ్చి “ఇరవై నాలుగ్గంటలూ నీళ్లు” అంటే నమ్మొద్దు. అసోసియేషన్ మెయింటెనెన్స్ పుస్తకంలో ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ ఖర్చు చూపించమనండి. పుస్తకం చూపించకపోతే వాచ్‌మెన్‌ని అడగండి, ట్యాంకర్ పైపు పట్టుకునేది ఆయనే.

వాడుకలో ఉన్న ఫ్లాట్‌లో బాత్‌రూమ్ కుళాయి మూతి చూడండి. తెల్లగా సున్నం పేరుకుని, షవర్ రంధ్రాలు సగం మూసుకుపోయి ఉంటే కఠిన జలం. గీజర్లు, వాషింగ్ మెషీన్లు తొందరగా పోతాయి. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటర్ చిన్నది, జేబులో పడుతుంది. తాగే నీటికి 500 లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ మీటర్‌కి ఫ్లోరైడ్ దొరకదు. టీడీఎస్ తక్కువున్న నీళ్లలోనూ అది ఉండొచ్చు, కాబట్టి బోరు నీళ్లు ఒక లీటరు సీసాలో పట్టి ల్యాబ్‌కి ఇవ్వండి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు నీళ్లు తాగకూడదు.

నాలా_పక్క_సందు

రాత్రి కూడా వెళ్లాలి. నాగారం–దమ్మాయిగూడ చూస్తున్నారు కాబట్టి మరీ చెప్తున్నా. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు అక్కడికి దగ్గర. పాత చెత్త గుట్టని మట్టితో కప్పారు, అయినా నగరం చెత్త రోజూ వస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి గాలి పైకి లేస్తుంది, వాసన చెదిరిపోతుంది. రాత్రి నేల చల్లబడగానే చల్లగాలి కిందే నిలుస్తుంది, దాంతో పాటే వాసనా. చలికాలం తెల్లవారుజాము, వాన పడి వెలిసిన రాత్రి ఇంకా ఎక్కువ. గాలి ఏ వైపు వీస్తుందన్న దాన్ని బట్టి ఒకే కాలనీలో ఒక వీధికి వస్తుంది, ఇంకో వీధికి రాదు. కాబట్టి ఊరంతటినీ కొట్టేయకండి. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారి ఐదింటికి ఒకసారి ఆ వీధిలోనే నిలబడి చూడండి. పాలబూత్ అప్పటికే తెరిచి ఉంటుంది, అడిగితే ఆయన దాచడు. జీడిమెట్ల, బొల్లారం ఫ్యాక్టరీలకి గాలివాటున ఉన్న కాలనీలకీ ఇదే పద్ధతి.

ముంపు సంగతి ఎండాకాలంలోనూ కనిపెట్టొచ్చు. 2020 అక్టోబర్ వానలకి కొంపల్లి దగ్గర ఫాక్స్‌సాగర్ నిండి ఉమామహేశ్వర కాలనీ మునిగింది. అలాంటి చోట గోడలు చెప్తాయి. ప్రహరీకి మోకాలెత్తునో నడుమెత్తునో అడ్డంగా ఒక గీత, దాని కింద పెయింట్ పొక్కులు. కరెంటు మీటర్లు కావాలని ఎత్తుకి మార్చి ఉంటాయి. గేటు దగ్గర ర్యాంపు వీధి కన్నా అడుగున్నర లేపి ఉంటుంది, దుకాణాల షట్టర్లు కింద జానెడు మేర తుప్పు. వీధిలో నాలుగిళ్లకి ఇవే కనబడితే ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే అక్కడ నీళ్లు తోడే మోటార్ ఉందా, అది నడిచినట్టుందా చూడండి.

కిరాయి_ముందు

పైవాళ్లు చెప్పినవన్నీ నిజమే, కానీ ఇవన్నీ ఒక్కో రోజు వెళ్లి చూస్తే సగమే తెలుస్తాయి. మార్చి నుంచి అక్టోబర్ దాకా అదే కాలనీలో కిరాయికి ఉండండి. ఎండా వానా రెండూ గడుస్తాయి. నాన్నగారికి నడిరాత్రి ఆసుపత్రి ఎంత దూరమో, బాబు స్కూల్ బస్సు సందులోకి వస్తుందో మెయిన్ రోడ్డు మీదే దింపేస్తుందో కూడా తేలుతుంది.

మౌలాలి_జంక్షన్

కిరాయి మాట బాగుంది గానీ, బాబు స్కూల్ రెండుసార్లు మారకూడదు. నచ్చిన రెండు ఊళ్లకీ బస్సు పంపే స్కూల్ దొరికితేనే ఆ పని చేయండి.

పోచారం_రూటు

అందరికీ థాంక్సండీ. నిన్న సాయంత్రం కొంపల్లి వైపు ఒకటి చూశాం, నచ్చింది. బిల్డర్ మనిషి లక్ష టోకెన్ ఇవాళే ఇమ్మంటున్నాడు, లేకపోతే వేరేవాళ్లకి పోతుందట. చెరువు కనుచూపు మేరలో ఉంది.

లింకు_డాక్యుమెంటు

పోతే పోనివ్వండి. టోకెన్ ఇచ్చాక కాగితాలు అడిగితే మీ మాటకి బలం ఉండదు.

చెరువు కనబడుతోందంటే ముందు అదే తేల్చాలి. సర్వే నంబరు తీసుకుని, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వాళ్ల చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు, ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని జాగా), అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. చెరువు ఇప్పుడు ఎంత ఎండిపోయి ఉందో దాంతో పనిలేదు, నిండినప్పటి గీతే లెక్క. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఓఆర్‌ఆర్ లోపల దీన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోవట్లేదు. పర్మిషన్ ఉందన్న మాటతో ఊరుకోకండి. పర్మిషన్ కాపీలోని సర్వే నంబరూ, మీ సేల్ డీడ్ డ్రాఫ్టులోని నంబరూ ఒకటేనా చూడండి.

తర్వాత 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత సేల్ డీడ్‌లు), 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులవి) ఆ నంబరు ఉందా లేదా. 500 చదరపు మీటర్ల స్థలం గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన కొత్త ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. దాన్ని వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడున్న ప్లాన్‌తో పోల్చండి. ఇంకోటి చాలామంది అడగరు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టుబడిలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ పెట్టించుకుంటారు, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కట్టడం పూర్తయి ఉండొచ్చన్న పత్రం) వచ్చాకే విడుదల చేస్తారు. కాస్త చవకగా ఇస్తామంటున్న ఫ్లాట్ ఆ పది శాతంలోది కావచ్చు. మార్ట్‌గేజ్ చేసిన ఫ్లాట్ల నంబర్లు పర్మిషన్ కాగితాల్లోనే ఉంటాయి.

డబ్బు లెక్క: 65 లక్షల మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 4,87,500. ఓసీ రాకముందు కొంటే 5 శాతం జీఎస్టీ, మరో 3,25,000. ఓసీ వచ్చాక జీఎస్టీ లేదు. యాభై లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ (ఇది నీళ్లది కాదు, ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని అమ్మేవాళ్ల పాన్ మీద కట్టాలి. అది అదనపు ఖర్చు కాదు, వాళ్లకిచ్చే దాంట్లోంచే తగ్గించుకోవాలి.

ఇవాళ రాత్రి పదింటికి ఆ చెరువు వైపు వీధిలో ఒకసారి నడిచి రండి. టోకెన్ సంగతి ఈసీ చేతికొచ్చాక చూడొచ్చు.